పౌడర్ పూసిన ఇంజన్

నాకు కోపం ఎక్కువ. మెకానిక్ తుకారాం గురించి చెప్పాలంటే ముందు ఆ మాట ఒప్పుకోవాలె.

పందొమ్మిది వందల అరవై రెండులో మా నాన్న కొన్న కారు ఇంకా నడుస్తది. కాకపోతే ఆగిన చోటల్లా ఆయిల్ కారుస్తది. చర్చిలో కొత్త బండలు వేసినంక కమిటీవాళ్లు, "క్యారల్ టీచర్, ఇంకొక్క మరక పడితే మీ బండి గేటు బయటనే" అన్నరు. మా అమ్మ రోసమ్మకు మోకాలు ఆపరేషన్ అయింది. మళ్లీ నడక వచ్చినందుకు ఆదివారం ఆరాధనలో కృతజ్ఞత చెప్పాలని ఆమె పట్టు, అదీ కాలం చేసిన నాన్న కారులోనే పోయి. గేటు నుంచి మెట్ల దాకా అంత దూరం నడవడం ఇంకా ఆమెతోని కాదు.

అప్పటికే ముగ్గురు మెకానిక్‌లు ఇంజన్ అడుగు భాగం విప్పి బిగించిన్రు. కారడం ఆగలేదు. ముగ్గురినీ దులిపేసిన. నాలుగో మనిషి తుకారాం. కార్ఖానా బస్తీలో ఆయన షెడ్డు, ముప్ఫై ఐదేండ్లుగ పాత బండ్లే పని. ఇంజన్ నడుస్తుంటే ఎవరినీ మాట్లాడనియ్యడు. నన్ను సుత చెయ్యి చూపి ఆపిండు.

ఇంటికొచ్చి ఇంజన్ అంతా కిరోసిన్‌తో కడిగి, "మేడం, మొఖానికి రాసుకునే పౌడర్ ఉంటే జెర తెండ్రి" అన్నడు. పరాచికాలా అని కస్సుమన్న. ఆయన నవ్వి చెయ్యి చాపిండు. అమ్మ పౌడర్ ఇంజన్ మీద చల్లి స్టార్ట్ చేసిండు. పది నిమిషాలకు తెల్లటి పౌడర్ మీద నల్ల గీత పడ్డది. అది కింది నుంచి కాదు, పై మూత అంచు నుంచి షురూ అయింది. మూత విప్పితే లోపలి కార్క్ ప్యాకింగ్ నలిగి పగిలి ఉంది.

"మరీ గట్టిగ బిగిస్తే గిట్లనే అయితది. పానా ఎవరు పట్టిన్రు?"

నేనే. ప్రతి శనివారం, కారుతున్నదన్న కోపంతో, ఉన్న బలమంతా పెట్టి.

అప్పుడే అమ్మ కర్ర పట్టుకొని వచ్చి, తప్పెవరిదని అడిగింది. తుకారాం నా దిక్కు చూడలేదు. "ప్యాకింగ్ పాతదైందమ్మా" అన్నడు. కొత్తది కోసి పెట్టి, రెండు వేళ్లతోనే పానా తిప్పి, ఇగ చాలన్నడు.

ఆదివారం కారు మెట్ల ముందు ఆగింది. తుకారాం వచ్చి కారు కింద పాత పేపర్ పరిచి బయటనే నిలబడ్డడు. లోపల అమ్మ కృతజ్ఞత చెప్పి కూర్చున్నది. నేను లేచిన.

"మా కారు ఆయిల్ కార్పించింది నేనే. ముగ్గురిని ఊరికే తిట్టిన. నాలుగో ఆయన నా తప్పు అమ్మకు చెప్పకుండ దాచిండు. పేరు తుకారాం. బయట ఉన్నడు. ఆయన కోసం దేవునికి స్తోత్రం."

అమ్మ లేచింది. కర్ర నా చేతిల పెట్టి తలుపు దాకా తనే నడిచింది.

"ఏమన్న కారిందా నాయనా?"

"లేదమ్మా. పేపర్ పొడిగనే ఉన్నది."

"అయితే లోపలికి రా. మా ఆయన కూర్చునే జాగ ఖాళీగ ఉన్నది."