పాదాలు ఆనని కుర్చీ

గుడివాడలో మూతపడిన ఒక ఆఫీసు సామాను అమ్ముతున్నారని తెలిసి వెళ్లి, పెద్ద టేబులూ, గుండ్రంగా తిరిగే కుర్చీ చెప్పిన ధరలో సగానికి పట్టుకొచ్చిన మొనగాణ్ణి నేను. ఆ బేరం గురించి పెళ్లిళ్లలో, బస్సుల్లో, చివరికి పళ్ల డాక్టరు ముందు నోరు తెరుచుకుని కూడా చెప్పుకున్నాను. మొన్నటిదాకా.

మొన్న మా కోడలు, బందరులోని మా రోల్డుగోల్డు దుకాణంలో ఆఫీసు గది కొత్తగా సర్దుతూ, నన్ను ఒక కుర్చీలో కూర్చోబెట్టి, వంగి నా కాళ్లకేసి చూసి, "పాదాలు నేలకి ఆనుతున్నాయా మావయ్యగారూ?" అని అడిగింది. ఆనుతున్నాయమ్మా అన్నాను.

ఆ ఒక్క మాట నేను మా బాబాయిని అడగలేదు.

నాన్న పోయాక దుకాణం నిలబెట్టిందీ, నాకు బేరం నేర్పిందీ బాబాయే. పొట్టి మనిషి. దుకాణంలో నేల మీద పరుపు, దాని మీద తెల్ల దుప్పటి, వీపుకి బాలీసు, ముందు వాలుగా చిన్న రాతబల్ల, కుడిపక్క దిద్దుల అట్టలు, ఎడమపక్క గాజుల డబ్బాలు, తల మీద వేలాడే పురికొస ఉండ, లేవకుండానే అన్నీ చేతికందేవి. కోడూరు నుంచీ అవనిగడ్డ నుంచీ సరుకుకి వచ్చినవాళ్లు ఆ పరుపు మీదే ఓ పక్కన చేరి, దిద్దులు ఏరుకుంటూ ఇంటి సంగతులన్నీ చెప్పుకునేవారు. ఆ రోజుల్లో దుకాణాలన్నీ అలాగే ఉండేవి. నాకు మాత్రం అది నామోషీగా ఉండేది.

పరుపు చుట్టేసి బాబాయిని ఆ గుడివాడ కుర్చీ ఎక్కించాను. కాళ్లు నేలకి జానెడు ఎత్తున వేలాడాయి.

"రైల్లో పైబెర్తు ఇచ్చావురా," అని నవ్వాడు.

"సగం టిక్కెట్టుకే బాబాయ్," అన్నాను నేను, మురిసిపోతూ.

మర్నాడు కాళ్ల కింద రెండు ఇటుకలు పెట్టుకుంటే, పెద్ద పార్టీలు వచ్చేచోట ఇవేమిటని నేనే తీసి పెరట్లో పడేశాను. సాయంత్రానికి ఆయన పాదాలు వాచేవి. వయసురా అనేవాడు. నేనూ అవుననేవాణ్ణి, వయసైతే నా తప్పు ఉండదు గదా.

ఏడాది తిరక్కుండానే దుకాణానికి రావడం మానేశాడు. ఆయనకి ఇంట్లో తోచదని తెలిసీ, విశ్రాంతి కావాలేమోనని సరిపెట్టుకున్నాను. ఆ చలికాలంలోనే పోయాడు. పెద్దకర్మ అయ్యాక టేబులు అడుగు సొరుగు లాగితే, ఆయన పాత తువ్వాలులో చుట్టి అవే రెండు ఇటుకలు. నేను బయటికి వెళ్లగానే తీసుకుని, వచ్చేసరికి దాచేసేవాడన్నమాట. తక్కెడ పట్టడం నాకు నేర్పినవాడు, నాకు భయపడి.

ఇప్పుడు సరుకు ఫోన్లోనే ఎంచుకుంటున్నారు, వచ్చి కూర్చునేవాళ్లే తక్కువ. కూర్చోవడానికి మాత్రం అన్నీ అమరాయి. కోడలు కొన్న కుర్చీకి పక్కన చిన్న మీట ఉంది, నొక్కితే మెత్తగా కిందికి దిగుతుంది.

నా గుడివాడ కుర్చీకీ మీట ఉండేది. కొనేటప్పటికే అది విరిగిపోయి ఉంది. ఈ ముక్క నేను ఏ పెళ్లిలోనూ చెప్పలేదు. కిందికి దిగని కుర్చీ ఎవడు కొంటాడయ్యా అని, ఆ వంక పట్టుకునే ధర సగానికి విరిచాను. ఆ సగం నాకు మిగిలిందనుకున్నాను. అది బాబాయి కట్టాడు, రోజుకింత చొప్పున.