వీపుతో సముద్రాన్ని చూపిన అమ్మాయి

రాజమండ్రిలో ఒక డిగ్రీ కాలేజీలో నేను తెలుగు చెబుతాను. మా దగ్గర నాటకం ఒక పేపరుగా తీసుకున్న పిల్లలకి ఆఖరి సంవత్సరంలో ఒక పరీక్ష ఉంటుంది. ఒక్కరే ఎనిమిది నిమిషాల ప్రదర్శన ఇవ్వాలి. నిజ జీవితంలో జరిగినట్టే నటించకూడదు. కదలికతో, గొంతుతో, ఖాళీ స్థలంతో చెప్పాలి. తర్వాత నేను దాన్ని విశ్లేషిస్తూ రెండు పేజీలు రాసి తరగతిలో చదువుతాను. మా వైపు ఏకపాత్ర అంటే గదా, కిరీటమూ, రాగం తీసి పాడే పద్యమూ. అందుకని ఈ పరీక్షంటే పిల్లలకి భయం, నాకు మాత్రం కొంచెం గర్వం.

ఆ ఏడు తరగతిలో కాకినాడకి ఆవల, సముద్రం ఒడ్డునున్న ఊరి నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఉండేది. వాళ్ల నాన్న పడవ మీద వేటకి వెళ్తాడు, అమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. ఆ పిల్ల హాస్టల్లో ఉండి చదువుకునేది. అడిగితే తప్ప మాట్లాడేది కాదు.

తన వంతు వచ్చినప్పుడు సెమినార్ హాల్లో కుర్చీలు పక్కకి జరిపించి, ముగ్గుపిండితో నేల మీద పెద్ద చతురస్రం గీసింది. లోపల రెండు అడ్డగీతలు. ‘ఇది వసారా, ఇది వంటిల్లు, ఇది పడుకునే గది’ అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. తర్వాత మా వైపు వీపు తిప్పి నిలబడి, ఊపిరి తీయడం మొదలుపెట్టింది. భుజాలు లేస్తున్నాయి, పడుతున్నాయి. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఊపిరి ఇంకా పెద్దదైంది. ఉన్నట్టుండి వెనక్కి ఒక అడుగు వేసి, మడమతో గీతని చెరిపేసింది. నవ్వు ఆగిపోయింది. అది సముద్రమని అందరికీ తెలిసిపోయింది.

ఇటు తిరిగితే వాళ్లమ్మ. లేని బిందెని చంకన పెట్టుకుని వసారాలోంచి వంటింట్లోకి సామాను మోసేది. తల కొద్దిగా పక్కకి వంచితే ఎవరో ఆఫీసరు. ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు జిరాక్సు, ఫొటోలు రెండు. ఎన్నిసార్లు వచ్చినా ఆయన అడిగేవి అవే. మళ్లీ వీపు తిరిగేది, మళ్లీ గీత చెరిగేది. అమ్మ మోసే సామాను తగ్గలేదు, నిలబడే చోటే తగ్గుతూ వచ్చింది. చివరికి ఒక్క పాదం పట్టేంత ముక్క మిగిలింది. దాని మీద ఒంటికాలితో నిలబడి ‘ఇది మా ఇల్లు’ అంది. అలా నిలబడే ఉంది. కాలు వణుకుతోంది. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఇంక చాలమ్మా అని నేనే అన్నాను.

ఆ విశ్లేషణ చాలా ఇష్టంగా రాశాను. ముఖం చూపించకపోవడం వల్ల సముద్రానికి కోపమూ లేదు, జాలీ లేదు అనిపించిందని రాశాను. ఎక్కడా ఏడవకపోవడమే ప్రదర్శనకి బలమన్నాను. కుంచించుకుపోయే ఆ చతురస్రం సమాజంలో పేదవాడి స్థానానికి ప్రతీక అని ముగించాను. ఆ ఆఖరి వాక్యం నాకే ఎంతో నచ్చి, తరగతిలో రెండుసార్లు చదివాను. పిల్లలు తలలూపారు. నువ్వేమంటావమ్మా అని ఆ అమ్మాయిని అడిగాను.

“ప్రతీక కాదండి మేడమ్. కొలతండి.”

“కొలతంటే?”

“మా ఇల్లేనండి. అడుగులు లెక్కపెట్టి గీశాను. ఒక్కో తుఫానుకి ఎంత పోయిందో అంతే చెరిపాను. ఆ చివరి ముక్క ఒక్కటే ఊహించి పెట్టానండి. పడుకునే గది ఇంకా ఉంది.”

నా కాగితం మీద ఆ వాక్యాన్ని కొట్టేశాను. ఆమె కూర్చోలేదు, ఇంకో మాట అడిగింది.

“ఆఖర్లో అక్కణ్ణుంచి ఎలా దిగాలో తెలీలేదండి. ఏం చేస్తే బాగుంటది మేడమ్?”

ఆమె అడిగింది ప్రదర్శన గురించే. ఇరవయ్యేళ్లుగా పిల్లల చేత నాటకాలు వేయిస్తున్నదాన్ని. లైట్లు ఆర్పించెయ్యమ్మా అన్నాను. ఆమె కూర్చుని, నేను చెప్పింది నోట్సులో శ్రద్ధగా రాసుకుంది. ఆ రోజు ఇంకెవరి విశ్లేషణా చదవలేకపోయాను.

మార్కులు వెయ్యడం నా చేతిలో పని కాబట్టి అందరికంటే ఎక్కువ వేశాను. కలెక్టరాఫీసులో పనిచేస్తున్న నా పాత విద్యార్థికి ఫోన్ చేశాను. అతను ఓపిగ్గా విన్నాడు. ఒడ్డుకి రాళ్ల గట్టు కట్టాలన్న కాగితం పైకి వెళ్లిందనీ, ఇళ్ల స్థలాల జాబితాలో ఆ ఊరివాళ్లు చాలామంది ఉన్నారనీ చెప్పాడు. మీరు చెప్పారు కాబట్టి చూస్తానండీ అన్నాడు. చూసే ఉంటాడు.

మరుసటి నెలలో ఒక ఆదివారం ఆ ఊరు వెళ్లాను. కాకినాడ దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. వెళ్లి ఏం చేద్దామనుకున్నానో ఇప్పటికీ చెప్పలేను. అరటిపళ్లు పట్టుకెళ్లాను. సెలవుకని ఆ అమ్మాయి కూడా ఇంటి దగ్గరే ఉంది. మిగిలిన ఆ ఒక్క గదికి మూడు గోడలున్నాయి. నాలుగో వైపు నీలం టార్పాలిన్ కట్టారు, దాని వెనకే సముద్రం. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టారు. వాళ్లమ్మ పక్కింటి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి నన్ను కూర్చోబెట్టి, టీ ఇచ్చింది.

“మా పిల్ల బాగా ఆడిందంటగా అండి. ఏం ఆడిందండి? అడిగితే చెప్పదు.”

నేను అమ్మాయి వైపు చూశాను. గుమ్మంలో నిలబడి, వద్దన్నట్టు తల అడ్డంగా ఆడించింది.

“ఒక ఇంటి గురించమ్మా.”

“ఏం ఇల్లండి?”

“మామూలు ఇల్లే.”

ఆవిడ సంతోషించింది. ఈసారి మాకూ చూపించమనండి అంది. ఇంతలో కెరటం ఒకటి టార్పాలిన్ కింద నుంచి లోపలికి వచ్చింది. ఆవిడ మాట ఆపకుండానే లేచి, చీపురుతో నీళ్లు బయటికి తోసి, మళ్లీ వచ్చి కూర్చుంది. ఇంకో టీ తాగుతారా అని అడిగింది. నేను కాళ్లు పైకి తీసుకుని కూర్చున్నానని అప్పుడు గమనించి, సిగ్గుపడి దించాను.

ఆటో దాకా అమ్మాయి వచ్చింది. చదువు ఆపకమ్మా అన్నాను. ఆపనండి అంది.

ఆ కార్తీకంలో వచ్చిన తుఫానుకి ఆ గది కూడా పోయింది. అప్పుడు ఆమె హాస్టల్లో ఉంది. మర్నాడు తరగతికి మామూలుగానే వచ్చింది. సంగతి పక్క అమ్మాయి చెబితే తెలిసింది. దగ్గరికి వెళ్లాను. ఆమే నన్ను చూసి, అందరం బాగానే ఉన్నామండి, పెద్దమ్మ వాళ్లింట్లో సర్దుకున్నారు అంది. భుజం మీద చెయ్యి వేసి, తీసేసి, వెళ్లి పాఠం చెప్పాను.

డిగ్రీ పూర్తి చేసింది. ఇప్పుడు కాకినాడలో బట్టల కొట్లో పనిచేస్తోంది. పోయినేడు మా ఇంట్లో పెళ్లికి బట్టలకని వెళ్తే ఎదురుపడింది. నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లు తెప్పించింది. వాళ్లమ్మా నాన్నా ఇంకా పెద్దమ్మ ఇంట్లోనే ఉన్నారట. స్థలం ఇంకా రాలేదట. నాటకాలేమైనా వేస్తున్నావా అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది. ఖాళీ ఉండదండి అంది, ఏ బాధా లేకుండా. తర్వాత, జరీ అంచువి చూపించమంటారా అండి అంది. చూపించమన్నాను.