ఎడమకాలు నాది

కొత్త పట్టుచీర మడత విప్పితే వచ్చే గంజి వాసనకు అందరికీ పెళ్లిళ్లు గుర్తొస్తాయట. నాకు మాత్రం ఎడమ మడమ సలుపుతుంది. ధర్మవరంలో మా ఇంటి మగ్గం గుంత గట్టు మీద, నాయన పక్కన కూర్చుని, కాలు కిందికి వేలాడేసి, ఆ మడమతో చెక్క తొక్కీ తొక్కీ నేను పెరిగాను.

పంతొమ్మిది వందల యాభైలు ముగిసే రోజులు, నాకు ఎనిమిదేళ్లు. నాయన పటాలంలో ఉండగా లారీ బోల్తాపడి ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. పింఛను వస్తుందన్నారు. అర్జీ పెట్టాం, డాక్టరు కాగితం పంపాం, అది సరిగా లేదని తిరిగొస్తే మళ్లీ పంపాం. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, అట్లా ఏ బల్ల మీద ఆగిందో ఏమో, రెండు ఉగాదులు ఓళిగలు లేకుండానే వెళ్లిపోయాయి. చెనిక్కాయ పీకేసిన చేలలో అమ్మా నేనూ మట్టి గోకి, మిగిలిన కాయలు ఏరుకొచ్చేవాళ్లం. వాటిని అవ్వ వేయించి, ఎండుమిరపకాయలతో రోట్లో నూరితే ఆ ఊరిబిండి ఘాటుకు ఇల్లంతా తుమ్మేది, సంగటి ముద్ద మాత్రం హాయిగా జారేది.

ఒకరోజు నాయన, మూలపడిన మా తాత మగ్గం దులిపాడు. గుంత మగ్గానికి రెండు కాళ్లూ కావాలి. ఒక చెక్క తొక్కితే సగం పోగులు లేస్తాయి, రెండోది తొక్కితే తక్కిన సగం. నేను 'ఊ' అన్నప్పుడు నువ్వు తొక్కు అని నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. వీధిలో పిల్లలు అచ్చనగాయలు ఆడుతుంటే ఆ రాళ్ల చప్పుడు వింటూ, నాయన 'ఊ' కోసం కాచుకునేదాన్ని. ఏడుపొచ్చేది, కోపమొచ్చేది, కానీ మగ్గం ఆగితే పొయ్యి ఆగుతుందని తెలిసే వయసే.

వీధంతా ఒకటే మాట: నేస్తున్నట్టు తెలిస్తే పింఛను రాదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ, మేం భయపడ్డాం. పెనుకొండ నుంచి విచారణకు ఆఫీసరు వస్తే మగ్గం మీద కంబళి కప్పాలి, నాయన మంచం మీద మూలుగుతూ పడుకోవాలి అని అమ్మ కట్టడి చేసింది. నాయన తెగిన పోగులు ముడేసుకుంటూ కూర్చున్నాడు.

ఆఫీసరు వచ్చింది సరిగ్గా చీర కోసే పొద్దున. మగ్గం మీంచి చీర కోసేటప్పుడు గడప తొక్కినవాళ్లకు, పగవాడైనా సరే, బెల్లమూ బొరుగులూ పెట్టి, చీర చూపించి పంపడం మా ఇంటి ఆచారం. అమ్మ కంబళి వెతికేలోపే అవ్వ ఆయన చేతిలో బెల్లం పెట్టేసింది.

"మా కొడుకు నేసింది సామీ, ఎట్లుండాదో చూసి పోండి."

అమ్మ గోడకు చేరగిలబడింది. ఆఫీసరు చీరను చూశాడు, నాయన మోకాలి కింద ఖాళీ పంచెను చూశాడు, అయితే పని చేసుకుంటున్నావన్నమాట అని కలం తీశాడు. నాయన మగ్గం దగ్గర్నుంచి కదలకుండానే నా వీపు మీద చేయి వేశాడు.

"నేస్తాండా సార్. కుడికాలు నాది, ఎడమకాలు ఈ బిడ్డది. రాస్తే రెండూ రాయండి."

ఏడవలేదు, దండం పెట్టలేదు. నాకెంత గర్వమనిపించిందో చెప్పలేను. ఆఫీసరు నా కాలివంక చూసి, ఇంగ్లీషులో ఏదో రాసుకుని, బెల్లం నోట్లో వేసుకుని వెళ్లిపోయాడు. ఏం రాశాడో ఈనాటికీ తెలియదు. మరుసటి చెనిక్కాయ కోతలకు పింఛను వచ్చింది. అంతా తన బెల్లం మహిమేనని అవ్వ చచ్చేదాకా చెప్పుకుంది. మగ్గం మాత్రం మేం ఆపలేదు.

ఇప్పుడా గుంత లేదు, పూడ్చి బండలు పరిచి కరెంటు మగ్గం పెట్టారు. చీర కోసే పూట బెల్లం పెట్టేవాళ్లూ లేరు. పింఛను కావాలంటే మంచాన పడి మూలగాలన్న భయం ఒక్కటే పోలేదు. మొన్న మా తమ్ముడి కొడుకు, ప్రమాదంలో చేయి పోయి, చిన్న అంగడి పెట్టుకుని, పింఛనుకు అర్జీ పెట్టినవాడు, విచారణకు వస్తారంట, ఆ పూటకు అంగడి మూసేయాల్నా అత్తా అని అడిగాడు.

"తెరిచే పెట్టు. నేనొచ్చి నీ పక్కన కూర్చుంటా."