జిగురు పెట్టిన కప్పులు

ఆర్డిత్ హ్రుస్కాకి మనుషులంటే చులకన. గిటారు వాయిస్తూ ప్రార్థన చేయించే కొత్త పాస్టరంటే చులకన, చావు భోజనానికి కొట్లో కొన్న కేకు పట్టుకొచ్చే ఆడవాళ్ళంటే చులకన, వెన్న తీసిన పాలు తాగేవాళ్ళంటే మరీ చులకన. మా ఊరి బడి వంటశాలలో ఆవిడ గరిటె తిప్పిన కాలమంతా పిల్లలకి చిల్లీ అనే మాంసం పులుసు, దాల్చినచెక్క రొట్టె పెట్టి పెంచింది. అందుకే ఇప్పుడు ఎవడు ఎంత పెద్దవాడైనా, బ్యాంకు మేనేజరైనా సరే, ఆవిడ కంటికి పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడ్డ చీమిడిముక్కు వెధవే.

ఇక అధ్యక్షుడై దేశాన్నేలిన ఆ పెద్దమనిషి సంగతి చెప్పాలా? ఆయన పేరు ఆవిడ నోటితో పలికేది కాదు, కాబట్టి నేనూ పలకను. ఆయన గొంతు రేడియోలో వినబడితే ఆవిడ నాన్న లేచి వెళ్ళి పందులకి మేత వేసి వచ్చేవాడట. అప్పటికే వేసి ఉన్నా సరే. అలాంటి ఇంటి పిల్ల, డెబ్బై దాటాక, పనిగట్టుకుని ఆయన చిన్నప్పటి ఇల్లు చూడ్డానికి కారెక్కిందంటే నెబ్రాస్కాలో మా మూలనున్న నలుగురం ముక్కున వేలేసుకున్నాం.

కారణం హ్రుస్కాల పాత ఇల్లు. తమ్ముడు వెండెల్ మొక్కజొన్న చేను మధ్యలో ఒంటరిగా నిలబడి ఉంది. వాన పడితే నీళ్ళన్నీ లోపలే, అటక మీద రకూన్లనే అడవి జంతువుల కాపురం. ఆర్డిత్ ఎప్పుడో టౌన్లో రెండు గదుల వాటాలోకి మారిపోయింది. మా పల్లెల్లో అలాంటి ఇళ్ళని అగ్నిమాపక దళానికి ఇచ్చేస్తాం. దళమంటే ఎవరో కాదు, ఊరి కుర్రాళ్ళే. ఒక్కో గదీ ముట్టించి, ఆర్పి, మళ్ళీ ముట్టించి పని నేర్చుకుంటారు. చివరికి ఇల్లంతా తగలబెట్టి వెళ్ళిపోతారు. మర్నాడు ట్రాక్టరు తోలుకోవచ్చు.

వెండెల్‌కి కావలసింది అదే. కానీ ఇల్లు అక్కాతమ్ముళ్ళిద్దరి పేరు మీదా ఉంది. దళం నాయకుడు లైల్ రెండు వేసవులు అడిగాడు, రెండుసార్లూ ఆవిడ ఒంటికాలి మీద లేచింది. అమ్మ పుట్టెడు కష్టంతో నిలబెట్టిన వంటగదిలో మీ మొహాలు మంటలాటలాడతాయా అని తిట్టింది.

ఇంతలో టీవీలో ఆ అధ్యక్షుడి చిన్నప్పటి ఇల్లు చూపించారు. చూస్తే అచ్చం హ్రుస్కాల ఇల్లే. అప్పట్లో కేటలాగులో బొమ్మ చూసి డబ్బు పంపితే ఇల్లంతా చెక్కలుగా రైల్లో దిగేది. రెండిళ్ళూ ఒకే బొమ్మ చూసి తెప్పించుకున్నవి. అదే వరండా, అదే మెట్లు, వంటగదిలో గిన్నెలు కడిగే తొట్టి మీద అదే కిటికీ. ఆ వెధవ ఇంటిని నిలబెట్టినవాళ్ళుండగా నాన్న ఇంటిని నిలబెట్టలేమా అని ఆర్డిత్ పట్టుబట్టింది. వెండెల్ నెమ్మది మనిషే కానీ లౌక్యం తెలిసినవాడు.

"వెళ్ళి చూద్దాం అక్కా. చూశాక కూడా ఉంచాలంటావా, పైకప్పు నేనే కొత్తది వేయిస్తా. ఒద్దనిపిస్తే మాత్రం లైల్‌కి సరేననాలి" అన్నాడు.

ఆవిడ సరేనంది. గెలుస్తాననే అనుకుంది.

దారి పొడుగునా కోసేసిన గోధుమ చేలు, ఊరికొక ధాన్యపు గోపురం. ఎదురొచ్చిన ప్రతి బండికీ వెండెల్ స్టీరింగు మీంచి ఒక వేలు లేపి పలకరించాడు. రాష్ట్రం దాటాక ఒక్కడూ తిరిగి వేలెత్తలేదు, ఆర్డిత్ పెదవి విరిచింది. పెట్రోలు బంకులో తిండి తినే జాతి కాదు కాబట్టి ఇంటినుంచి తెచ్చిన హామ్ సాండ్‌విచ్‌లు కార్లోనే తిన్నారు.

ఆ ఊళ్ళో అడుగు పెడితే ఎటు చూసినా ఆయన పేరే. బడికి ఆయన పేరు, వంతెనకి ఆయన పేరు, ఆఖరికి పశువుల ఆసుపత్రికీ ఆయన పేరే. ఎనిమిదో ఏట ఊరొదిలి వెళ్ళి, ఓట్ల కోసం తప్ప మళ్ళీ మొహం చూపించనివాడు ఏ దూడని బతికించాడో ఆ భగవంతుడికే తెలియాలి.

టిక్కెట్టు కొని లోపలికెళ్ళారు. నిక్కర్లేసుకున్న యాత్రికులు చర్చిలోలా గుసగుసలాడుతూ నడుస్తున్నారు. ప్రతి గుమ్మానికీ ఎర్ర తాడు. చొక్కాకి జెండా పిన్ను పెట్టుకున్న గైడమ్మ కిటికీ పక్కన కుర్చీ చూపించి, బాబుగారు ఇక్కడే కూర్చుని దేశం గురించి ఆలోచించేవారని భక్తిగా చెప్పింది.

"ఎనిమిదేళ్ళవాడా? ఆలోచిస్తే పక్క తడిపిన సంగతి అమ్మకెలా చెప్పాలా అని ఆలోచించుంటాడు" అంది ఆర్డిత్, అందరికీ వినబడేట్టు.

వెండెల్ మోచేత్తో పొడిచాడు. ఆవిడ లెక్కచెయ్యలేదు. మెట్లెక్కుతూ మూడో మెట్టు మీద ఆగింది. వాళ్ళింట్లో అది కిర్రుమనేది. రాత్రి ఆలస్యంగా ఇల్లు చేరిన ప్రతిసారీ అదే ఆవిణ్ణి అమ్మకి పట్టించింది. ఇక్కడది నోరెత్తలేదు, మరలు బిగించి నోరు మూయించారు.

వంటగది గుమ్మం దగ్గర మాత్రం ఆవిడ తాడు పట్టుకుని ఆగిపోయింది. అమ్మ వంటగదే! కిటికీలోంచి ఎండ తొట్టిలో పడే చోటు కూడా అదే. కానీ వాసన లేదు. బల్ల మీద ప్లాస్టిక్ కేకు, సుద్దతో చేసిన రొట్టె, నాలుగు పింగాణీ కప్పులు. ఆర్డిత్ తాడు మీంచి చెయ్యి చాచి ఒక కప్పు ఎత్తింది. దాంతోపాటు బల్లగుడ్డ కూడా లేచింది.

"ముట్టుకోకండమ్మా. జనం ఎత్తుకుపోతున్నారని అన్నిటికీ జిగురు పెట్టాం" అంది గైడమ్మ.

"ఇవి వాళ్ళమ్మవేనా?"

"కావండీ, అలాంటివే బయట కొన్నాం. ఆవిడవేం మిగల్లేదు."

ఆర్డిత్ కప్పులోకి తొంగి చూసింది. అడుగున దుమ్ము పేరుకుపోయి ఉంది. జన్మలో మొదటిసారి ఆ కుటుంబంలో ఒక మనిషి మీద జాలి కలిగింది. పాపం, ఆ తల్లి చూస్తే సిగ్గుతో చచ్చిపోయేది. వెంటనే భయం కూడా వేసింది. రేపు అమ్మ బల్ల మీద సుద్ద రొట్టె పెట్టి, వెండెల్ మనవలు తాడు అవతల నిలబడి గుసగుసలాడతారు, ఇంతేగా!

తిరుగుదారిలో కారు నెబ్రాస్కాలోకి రాగానే ఆర్డిత్ తమ్ముడి వైపు తిరిగింది.

"లైల్‌కి చెప్పు. శనివారం కానివ్వమను."

"పైకప్పు వేయిస్తానన్నానుగా అక్కా." గెలిచినవాడి గొంతులా లేదు అది.

"వద్దురా. పీనుగకి పౌడరేసి కుర్చీలో కూర్చోబెట్టి, చూడ్డానికి టిక్కెట్టు పెట్టారు వాళ్ళు. మనింటికి ఆ గతి పట్టకూడదు."

శనివారం ఊరు ఊరంతా మడత కుర్చీలు పట్టుకొచ్చి దారి పక్కన వేసుకుంది. ఆర్డిత్ తెల్లారకముందే లేచి కాల్చిన దాల్చినచెక్క రొట్టెలు ట్రక్కు వెనక పెట్టించి, లైల్‌ని కాసేపు ఆగమని, ఫ్లాస్కు తీసుకుని లోపలికెళ్ళింది. వెండెల్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కొట్టుగదిలో అమ్మదొక కప్పు మిగిలి ఉంది, అంచు విరిగింది. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఆవిడ అందులో కాఫీ పోసుకుని తీరిగ్గా తాగింది. మూడో మెట్టు దాకా ఎక్కి దిగింది. అది కిర్రుమంది. పెరట్లో చేతిపంపు కొట్టి కప్పు కడిగి, గౌను అంచుతో తుడిచి, మళ్ళీ లోపలికెళ్ళి దాని చోట బోర్లించి వచ్చింది.

వెండెల్ కళ్ళు తుడుచుకుంటున్నాడు. "అదొక్కటైనా తెచ్చుకో అక్కా."

"తెచ్చుకుని ఏం చేసుకోనురా? జిగురేసి బల్లకంటించుకోనా?"

తర్వాత లైల్ వైపు తిరిగి, ముందు వంటగది ముట్టించమంది. మడత కుర్చీలో నిటారుగా కూర్చుని ఆఖరి గోడ పడేదాకా చూసింది. కుర్రాళ్ళకి గొట్టం పట్టుకోవడం కూడా చేతకాదని మధ్యమధ్యలో తిట్టింది, మధ్యమధ్యలో అందరి ముందే ఏడ్చింది. అంతా అయ్యాక లేచి, మసి మొహాలతో వచ్చిన వాళ్ళని పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడమంది.