కాశమ్మ పట్టుకున్న దారం

పూర్ణా మార్కెట్‌లో కాశమ్మ అంటే కొట్లవాళ్లకు హడల్. వంకాయ గిల్లి చూస్తుంది, చేప మొప్ప ఎత్తి వాసన పీల్చందే సంచిలో వేయదు. డాక్టరు రాసిన బీపీ మాత్రనైనా నాలుకకు తగిలించి చూడందే మింగదు. అలాంటి మనిషి మొన్న ఆదివారం ఆటోలో బొమ్మలా కూర్చుంది. ఒళ్లో ఆమె కుక్క జూలీ. అది చేప తలతోపాటు గాలాన్ని కూడా మింగేసింది. నోట్లోంచి జానెడు నైలాన్ దారం వేలాడుతోంది. పశువుల డాక్టరు నీలిమ ఫోన్లో ఒక్కటే చెప్పింది, లాగొద్దు, తెంపొద్దు, లోపలికి జారకుండా పట్టుకుని రమ్మని. "లాగీ అప్పా, వచ్చేద్ది," అంటూ తోడొచ్చిన పక్కింటి నాగమణి దారి పొడవునా పోరింది. కాశమ్మ దారాన్ని రెండు వేళ్ల మధ్యే పట్టుకుని కూర్చుంది. గతుకు వచ్చినప్పుడల్లా జూలీ తలతోపాటు ఆమె చెయ్యీ కదిలింది, దారం మాత్రం ఒక్కసారీ బిగుసుకోలేదు. ఆ రెండు వేళ్లనే చూస్తూ నాగమణి చివరికి పోరడం మరిచిపోయింది. ఆస్పత్రిలో కుక్కకు మత్తిచ్చాక నీలిమ దారం అందుకుంది. గంటకు గాలం బయటికొచ్చింది, జూలీ కళ్లు తెరిచింది.

"నీకు బయమెయ్యనేదేటప్పా?" నాగమణి మెల్లగా అడిగింది.

"నా పేనం సగం పోనాది," అంది కాశమ్మ, చెంగుతో ముఖం తుడుచుకుంటూ. "ఆ డాక్టరు పాప లాగొద్దంది. నాను లాగనేదు."