మూడో నెల దాకా ఆగిన బసమ్మ

మా వీధిలో బసమ్మత్త నోటికి భయపడని వాళ్లు లేరు. నేనూ భయపడ్డాను. అందుకు నన్ను నేను ఇవాళ్టికీ తిట్టుకుంటూనే ఉన్నాను.

ఎమ్మిగనూరులో మగ్గాల వీధి మాది. నా పేరు నాగజ్యోతి, ఆశా కార్యకర్తను. బసమ్మత్తకు అరవై దగ్గర పడ్డాయి. మొగుడు పోయాక తానే మగ్గం గుంతలో దిగి కూర్చుని, చీరలు నేసి, ఒక్కగానొక్క కూతురు రాజేశ్వరికి పెళ్లి చేసిన మనిషి. ఆ కూతురు కాన్పుకని పుట్టింటికి వచ్చిన వారానికే బీపీ పెరిగింది. ఏడో నెలలోనే కర్నూలు ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి ఆడపిల్లను బయటికి తీశారు. బరువు కిలోంబావు. పిల్లి పిల్ల నయం!

బిడ్డను గాజు పెట్టెలోంచి తీశాక, ఎవరైనా ఒంటికి ఆనించుకుని వెచ్చగా ఉంచాలని నర్సమ్మ చెప్పింది. రాజేశ్వరి ఇంకా లేవలేకుండా ఉంది. "నా ఎదకు కట్టండి" అంది బసమ్మత్త. రైక గుండీలు విప్పి, బిడ్డను రొమ్ముల మధ్య పడుకోబెట్టుకుని, తాను నేసిన నూలు చీరే చుట్టుకుంది. ఇంటికొచ్చాక కూడా అంతే. కూతురు పాలు పిండి ఇస్తే ఉగ్గుగిన్నెతో చుక్క చుక్క తాగించేది. కూర్చునే నిద్రపోయేది. మగ్గం మీద సగం నేసిన చీర దుమ్ము కొట్టుకుపోయింది.

"అత్తా, కాసేపు రాజేశ్వరికి ఇచ్చి నడుం వాల్చు" అంటే, "నువ్వు రిజిస్టరు రాసుకో పోమ్మే, నా బిడ్డ సంగతి నాకు తెలుసు" అని కసిరేది. ఆ బిడ్డను బతికించింది ముమ్మాటికీ ఆమే.

ఇంటికి పంపేటప్పుడే డాక్టరు చీటీ రాసిచ్చాడు. నెల నిండేలోపల కంటి పరీక్షకు తీసుకురావాలి. నెలలు నిండని పిల్లలకు కంటి లోపలి రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరిగే ప్రమాదం ఉంది. వేళకు చూస్తే లేజరుతో ఆపొచ్చు, ఆలస్యమైతే చూపు పోతుంది. అదే మాట నేనూ ఇంటికి వెళ్లి చెప్పాను.

"మూడో నెల రాకుండా బిడ్డను హంద్రి దాటించేది లేదు" అంది బసమ్మత్త. పసిబిడ్డను ఏరు దాటించకూడదని వాళ్ల ఇంట్లో పట్టింపు.

"ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు దాటింది కదత్తా?"

"అది ఇంటికొచ్చే దావ. గడప లోపలికి వచ్చినాంక లెక్క వేరే. ఇంత కష్టపడి బతికించుకున్నా, ఇప్పుడు ఏరు దాటించి పోగొట్టుకోమంటావా?"

"పోదాం మా, ఒక్క పూట పనే కదా" అని రాజేశ్వరి గొణిగింది.

"నువ్వు నోర్ముయ్!"

రెండోసారి వెళ్లినా అదే మాట. మూడోసారి నా మొహం మీదే తలుపు వేసింది. నాకూ రోషం వచ్చింది. 'చెప్పాను, వినలేదు' అని రిజిస్టరులో రాసేసి, నా పని అయిపోయిందనుకున్నాను. అదీ నా తెలివి!

మూడో నెల రాగానే బసమ్మత్త తానే బిడ్డకు దిష్టిచుక్క పెట్టి బస్సెక్కింది. నేనూ వెంట వెళ్లాను. డాక్టరు చాలాసేపు చూశాడు. కుడి కన్ను పోయింది. ఎడమ కంటికి వెలుగూ చీకటీ తెలిస్తే తెలుస్తాయి, అంతే.

"నావి తీసి పెట్టండి సార్" అంది బసమ్మత్త. అట్లా కుదరదని ఆయన ఎంత చెప్పినా వినకుండా, "రెండూ తీసుకోండి, నాకెందుకు?" అంటూనే ఉంది.

ఆ బిడ్డే అంజలి. ఇప్పుడు రెండేళ్లు నిండాయి. గోడ పట్టుకుని నడుస్తుంది. ఒకటి రెండు మాటలు అంటుంది. బసమ్మత్త ఆ పిల్లను వెలుగు పడే చోట కూర్చోబెట్టుకుని, "నా దిక్కు చూడమ్మా, ఒక్కసారి" అని బతిమాలుతుంది. పిల్ల గొంతు వచ్చిన వైపు మొహం తిప్పుతుంది గానీ, చూపు అవ్వ చెవి పక్కన ఎక్కడో నిలబడుతుంది. అప్పుడు బసమ్మత్త తానే జరిగి ఆ చూపుకు ఎదురుగా కూర్చుంటుంది. ఎన్నిసార్లు చూశానో ఆ జరగడం.

పోయిన ఏడు పక్క వీధి భీమమ్మకు మనవడు ఏడో నెలలోనే పుట్టాడు. ఆమెదీ అదే పట్టు, మూడో నెల. ఈసారి తలుపు విరగ్గొట్టయినా తీసుకెళ్లాలని నేను బయల్దేరాను. తీరా చూస్తే నాకంటే ముందే బసమ్మత్త అక్కడుంది. అంజలిని భీమమ్మ ఒడిలో కూర్చోబెట్టింది.

"దీని కండ్ల ముందర చెయ్యి ఆడించు" అంది.

భీమమ్మ ఆడించింది. అంజలి రెప్ప వేయలేదు.

"బిడ్డను ఏరు దాటిస్తే ఏమైతాదో నాకు తెల్దు. దాటించకపోతే ఏమైతాదో నీ ఒళ్లోనే ఉండాది."

మరునాడు పొద్దున బస్సులో అందరం కర్నూలు వెళ్లాం. వేళకు చూశారు, లేజరు చేశారు.

ఆరు నెలల తర్వాత భీమమ్మ మనవణ్ణి ఎత్తుకుని బసమ్మత్త ఇంటికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. బసమ్మత్త మగ్గం ఆపి వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. వాడు ఆమె మొహంలోకి చూశాడు. ఆమె తల పక్కకు జరిపితే వాడి కళ్లూ జరిగాయి. ఇటు జరిపితే ఇటు వచ్చాయి.

"చూస్తాండాడు జ్యోతీ, నన్నే చూస్తాండాడు" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మగ్గం చప్పుడు ఆగేసరికి అంజలి గోడ తడుముకుంటూ లోపల్నుంచి వచ్చింది. మాకు రెండడుగుల దూరంలో నిలబడి, "అవ్వ యాడ?" అంది.

బసమ్మత్త కొంగు ఇంకా నోటికే అడ్డంగా ఉంది. "ఈడ ఉండాదమ్మా" అని నేనే చెప్పాను.