కత్బర్ట్ చెయ్యి

కరీబియన్ దీవి కారియకూలో ఏ పడవ కదలాలన్నా ముందు కత్బర్ట్ చెయ్యి తడవాలి. పొద్దున్నే రేవు రాతి మీద మోకాళ్లూని, కుడిచేతిని మోచేతి దాకా నీళ్లలో ముంచి, కళ్లు మూసుకుని నీటి వేడి చూస్తాడు. తుఫానుకు మేత సముద్రపు వేడేనని, ఆ వేడి ఆగస్టుకు గాని ముదరదని తండ్రి నేర్పాడు. ఆగస్టులోనే పడవలను మడ అడవిలో దాచి చెట్లకు కట్టడం అక్కడి ఆచారం. నాలుగేళ్ల కిందట జూన్‌లోనే నీళ్లు వెచ్చగా తగిలినా, "ఇప్పుడేం తొందర, ఆగస్టు రానీ" అని తమ్ముడు లెనక్స్‌ను ఆపాడు. వారం తిరగకముందే పెనుతుఫాను వచ్చింది. ఆఖరి గడియలో పడవను దాచబోయిన లెనక్స్ తిరిగి రాలేదు. పడవ మాత్రం దొరికింది.

ఇప్పుడు దాని మీద చేపల వేటకు వెళ్లేది లెనక్స్ కూతురు మెర్ల్. మే నెల. గాలి ఆడడం లేదు. "ఏం పెదనాన్నా, సముద్రానికి జ్వరం తగిలిందా?" అని నవ్వింది.

కత్బర్ట్ చెయ్యి తీసి, పొడిగా తుడుచుకుని, మళ్లీ ముంచాడు. "నిన్నటిలాగే ఉంది."

"మంచిదేగా!"

"రోజూ నిన్నటిలాగే ఉంటోందమ్మా. నా చెయ్యి ఈ వేడికి అలవాటు పడిపోయింది. ఇక దీనికేమీ తెలియదు." అతను లేచాడు. "పద, పడవను మడలోకి చేర్చేద్దాం."

"మే నెలలోనా? ఊరంతా నవ్వుతుంది."

"నవ్వనీ."

తడిసిన కుడిచేతిని పరాయివాడిదైనట్టు పక్కన వేలాడేసి, ఎడమచేత్తో తాడు ముడి విప్పసాగాడు.